పర్మిట్ మీద ఎవరి పేరుంది?

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంతమంది వచ్చారంటే ఈ విషయం మీద ఎంత టెన్షన్ ఉందో నాకు అర్థమవుతోంది. అందుకే ఉపోద్ఘాతం లేకుండా నేరుగా విషయంలోకి వెళ్తాను.

విదేశంలో ఉద్యోగం అనగానే నన్ను అందరూ ముందుగా అడిగేది ఒకటే. "వర్క్ పర్మిట్ ఎన్నాళ్లకు వస్తుందండీ?" అడగాల్సిన ప్రశ్నే, కాదనను. కానీ దానికంటే ముందు ఇంకోటి అడగండని అందరినీ బతిమాలుకుంటూ ఉంటాను. ఆ పర్మిట్ మీద ఎవరి పేరు ఉంటుంది? మీ ఒక్కరి పేరేనా, కంపెనీ పేరు కూడానా? అక్కడికి వెళ్లాక జీతం తగ్గిస్తే నోరు విప్పగలరా, పని నచ్చకపోతే మానేయగలరా, మానేస్తే ఎన్నాళ్లు ఆ దేశంలో ఉండగలరు, ఇవన్నీ ఆ ఒక్క వివరం మీదే ఆధారపడి ఉంటాయి. ఇవాళ నేను చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. దేశంలోకి రావడానికి అనుమతి వేరు, అక్కడ ఉండడానికి వేరు, పని చేయడానికి వేరు. కొన్ని దేశాలు ఈ మూడింటినీ కలిపి ఒకటే ఇస్తాయి, కొన్ని విడివిడిగా ఇస్తాయి. బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా వస్తే పని చేసే హక్కు అందులోనే ఉంటుంది. యూరోపియన్ యూనియన్ 2011లో ఒక ఆదేశం తెచ్చి, నివాసానికీ పనికీ కలిపి ఒకే పర్మిట్ ఇచ్చే పద్ధతి పెట్టింది. జపాన్‌లో వేరు. అక్కడి కంపెనీ ముందు ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి అర్హత ధ్రువపత్రం తీసుకుని మీకు పంపుతుంది. అది చూపించి మీరు ఎంబసీలో వీసా తెచ్చుకోవాలి. ఆ ధ్రువపత్రం మామూలుగా మూడు నెలలే చెల్లుతుంది, ఆలోపు మీరు జపాన్‌లో దిగాలి. రెసిడెన్స్ కార్డు పెద్ద విమానాశ్రయాల్లో దిగగానే చేతికిస్తారు. యూఏఈలో ఎంట్రీ పర్మిట్ మీద లోపలికి వెళ్లాక వైద్య పరీక్ష, ఎమిరేట్స్ ఐడీ అనే అక్కడి గుర్తింపు కార్డు, నివాస అనుమతి వరసగా జరుగుతాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మోసాలు ఎక్కువగా పుట్టేది ఈ గందరగోళంలోనే. "విజిట్ వీసా మీద వచ్చెయ్, వచ్చాక మార్పిద్దాం" అని ఏజెంట్ అంటాడు. లోపలికి వెళ్లాక మార్చుకునే వీలు కొన్ని దేశాల్లో ఉన్న మాట నిజమే. కానీ మారేలోపు ఒక్క రోజు పని చేసినా అది చట్టవిరుద్ధం. ఆ రోజుల్లో జీతం ఎగ్గొట్టినా, పనిలో దెబ్బ తగిలినా, ఫిర్యాదు చేయడానికే మనిషి భయపడతాడు. ఆ భయమే కొందరు యజమానులకు పెట్టుబడి.

ఇక దరఖాస్తు ఎవరు పెట్టాలి? ఎక్కువ దేశాల్లో మొదటి అడుగు వేయాల్సింది మీరు కాదు, యజమాని. ఇది చాలామందికి తెలియదు. తమ కాగితాలన్నీ సిద్ధంగా ఉంటే పర్మిట్ వచ్చేస్తుందనుకుంటారు. ప్రభుత్వాల వైపు నుంచి చూడండి. బయటి మనిషిని తెస్తున్నారు సరే, ఆ పనికి స్థానికులు దొరకలేదా? తక్కువ జీతానికి బయటివాళ్లను తెచ్చి స్థానికుల జీతాలు పడగొడుతున్నారా? వాళ్లకు ఉండే అనుమానాలు ఈ రెండే. ఒక్కో దేశం ఒక్కో తీరులో వీటికి జవాబు అడుగుతుంది. కెనడాలో చాలా ఉద్యోగాలకు కంపెనీ ముందు ఎల్ఎంఐఏ అనే అనుమతి తెచ్చుకోవాలి. ఉద్యోగానికి ప్రకటన ఇచ్చామని, స్థానికులు దొరకలేదని, జీతం తక్కువేమీ కాదని చూపిస్తేనే అది వస్తుంది. సింగపూర్‌లో ఎంప్లాయ్‌మెంట్ పాస్ కోసం కంపెనీ సాధారణంగా ప్రభుత్వ పోర్టల్‌లో కనీసం 14 రోజులు ప్రకటన ఇవ్వాలి. 2023 సెప్టెంబరు నుంచి కాంపస్ అనే పాయింట్ల పరీక్ష కూడా పెట్టారు, అందులో కనీసం 40 పాయింట్లు రావాలి. అమెరికా హెచ్-1బికి అయితే కంపెనీ ముందు కార్మిక శాఖ దగ్గర జీతం గురించి హామీపత్రం దాఖలు చేసి, తర్వాత ఇమిగ్రేషన్ శాఖకు పిటిషన్ పెడుతుంది. దానికి ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చదివినవాళ్లకు ఇంకో 20,000 అని పరిమితి ఉంది. అన్ని అర్హతలూ ఉండి కూడా ఎంపికలో పేరు రాక ఆగిపోయేవాళ్లు ఏటా ఉంటారు. అది వాళ్ల లోపం కాదు. ఇంట్లోవాళ్లు ఆ పిల్లల్ని నిందించడం చూస్తే నాకు బాధేస్తుంది.

బ్రిటన్‌లో స్థానికులు దొరకలేదని నిరూపించే పద్ధతిని తీసేశారు. దాని బదులు కంపెనీకి స్పాన్సర్ లైసెన్స్ ఉండాలి, జీతం ప్రభుత్వం పెట్టిన పరిమితి దాటాలి. ఆ కంపెనీ మీకు సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ ఇస్తుంది. పేరులో సర్టిఫికెట్ అని ఉన్నా అది కాగితం కాదు. ప్రభుత్వ కంప్యూటర్‌లో ఉండే ఒక నమోదు, దానికో నంబరు. ఎవరైనా రంగురంగుల ముద్రలతో ఫ్రేమ్ కట్టించుకునేలాంటి కాగితం చూపించి ఇదే స్పాన్సర్‌షిప్ అంటే వెంటనే అనుమానించండి.

కంపెనీ పేరు అక్కర్లేని దారులూ ఉన్నాయి. వలసదారులను పాయింట్ల లెక్కన ఎంచుకోవడం కెనడా 1967లోనే మొదలుపెట్టింది. 2015 నుంచి నడుస్తున్న ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ కూడా ఆ కోవలోదే. దాని ద్వారా వచ్చేది శాశ్వత నివాసం, అంటే యజమానికి ముడిపడని హక్కు. జర్మనీ 2024 జూన్‌లో ఆపర్చునిటీ కార్డు తెచ్చింది. అర్హత ఉన్నవాళ్లు అక్కడికి వెళ్లి ఏడాది వరకు ఉద్యోగం వెతుక్కోవచ్చు, ఆ సమయంలో వారానికి 20 గంటల దాకా పార్ట్‌టైమ్ చేసుకోవచ్చు. చదువు, భాష, అనుభవం బాగా ఉన్నవాళ్లు ముందు ఈ దారులు చూడండి. ఆలస్యమైనా పర్వాలేదు, ఎవరి దయ మీదా బతకక్కర్లేదు.

సరే, మీ వైపు కాగితాలకు వద్దాం. పాస్‌పోర్ట్, డిగ్రీ, పోలీసు ధ్రువపత్రం, వైద్య పరీక్ష, వీటి జాబితా ప్రతి ఎంబసీ సైట్‌లో ఉంటుంది, నేను చదవను. పాస్‌పోర్ట్‌లో పేరు ఒకలా, డిగ్రీలో ఇంకోలా ఉంటే మాత్రం దరఖాస్తుకు ముందే సరిచేయించుకోండి. నేను ఎక్కువసేపు మాట్లాడాలనుకుంటున్నది అనుభవ ధ్రువపత్రం గురించి. నేను చూసిన తిరస్కరణల్లో చాలావాటికి కారణం ఇదే. "ఫలానా వ్యక్తి మా సంస్థలో ఇన్నేళ్లు పనిచేశారు, నడవడిక మంచిది" అని మూడు లైన్లు రాసి సంతకం పెట్టించుకుని వస్తారు. అవతల అధికారికి నడవడికతో పని లేదు. కెనడాలో, ఆస్ట్రేలియాలో, బ్రిటన్‌లో ప్రతి ఉద్యోగానికీ ఒక కోడ్ ఉంటుంది, ఆ కోడ్ కింద ఏయే పనులు చేస్తారో రాసి ఉంటుంది. మీరు నిజంగా చేసిన పనులు దానికి సరిపోతున్నాయా అన్నదే అతను చూసేది. కాబట్టి ఆ పత్రంలో చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా, వారానికి ఎన్ని గంటలు, జీతం ఎంత, రోజూ చేసిన పనులు ఏమిటి, సంతకం పెట్టినవారి హోదా, వాళ్లను సంప్రదించే ఫోన్ నంబరు, ఇవన్నీ ఉండాలి. ఉద్యోగం మానేసేటప్పుడే అడిగి రాయించుకోండి. ఐదేళ్ల తర్వాత వెళ్తే మీ మేనేజర్ ఉండడు, ఒక్కోసారి ఆ కంపెనీయే ఉండదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. కోడ్‌లో ఉన్న వాక్యాలను ఉన్నవున్నట్టు దించి లెటర్ తయారు చేసేవాళ్లు ఉంటారు. లేని అనుభవాన్ని అమ్మేవాళ్లూ ఉంటారు. అధికారులు ఆ కంపెనీకి ఫోన్ చేస్తారు. తప్పుడు వివరం ఇచ్చినట్టు తేలితే కెనడాలో ఐదేళ్లు నిషేధం. బ్రిటన్‌లో వీసా కోసం మోసం చేశారని తేలితే పదేళ్ల దాకా ఉంటుంది. ఏజెంట్ నింపాడండీ, నాకు తెలియదండీ అంటే చెల్లదు. కింద సంతకం మీది.

డిగ్రీలు నిజమైనవేనని ధ్రువీకరించడానికి 1961 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం అపోస్టిల్ ముద్ర ఉంటుంది. ఒప్పందంలో ఉన్న దేశాలకు ఆ ఒక్క ముద్ర చాలు. లేని దేశాలకు ఆ దేశపు ఎంబసీ దగ్గర కూడా ధ్రువీకరణ చేయించాలి. మీరు వెళ్లే దేశం ఏ వైపు ఉందో ముందే చూసుకోండి, కెనడా 2024 జనవరిలో చేరింది, చైనా 2023 నవంబరులో చేరింది. పాత సలహాలు నమ్ముకుంటే అనవసరపు ఖర్చు.

నర్సు, డాక్టర్, టీచర్, ఇలాంటి వృత్తుల్లో ఉన్నవాళ్లకు పర్మిట్‌తో పాటు వృత్తి లైసెన్స్ అనే రెండో తలుపు ఉంటుంది. బ్రిటన్‌లో నర్సు కావాలంటే రెండు పరీక్షలు. కంప్యూటర్ మీద రాసేది బయటి దేశాల్లో రాసుకోవచ్చు. చేతలతో చూపించేది మాత్రం బ్రిటన్‌కు వెళ్లే రాయాలి. అది పాసయ్యేదాకా నర్సుగా జీతం రాదు. ఆఫర్ లెటర్‌లో రాసిన జీతం ఏ తేదీ నుంచో, పాస్ కాకపోతే ఏం చేస్తారో ముందే అడగాలి. జర్మనీలో నర్సులకు డిప్లొమా గుర్తింపు కావాలి, జర్మన్ భాష సాధారణంగా బి2 స్థాయిలో, అంటే ధారాళంగా మాట్లాడగలిగేలా అడుగుతారు.

ఇప్పుడు డబ్బు సంగతి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో ప్రైవేటు ఉపాధి ఏజెన్సీల గురించి 181వ ఒప్పందం తెచ్చింది. ఉద్యోగం ఇప్పించినందుకు కార్మికుడి దగ్గర, నేరుగా గానీ చాటుగా గానీ, ఫీజు తీసుకోకూడదన్నది అందులోని సూత్రం. అన్ని దేశాలూ దానికి కట్టుబడలేదు, కొన్నిచోట్ల లైసెన్స్ ఉన్న ఏజెంట్లకు పరిమితంగా ఫీజు అనుమతించారు. కానీ యజమాని భరించాల్సిన ఖర్చులు చాలా దేశాల చట్టాల్లో స్పష్టంగా ఉన్నాయి. కెనడాలో ఎల్ఎంఐఏ ఫీజును కార్మికుడి నుంచి రాబట్టడం నిషేధం. యూఏఈ 2021లో తెచ్చిన కార్మిక చట్టం నియామకం ఖర్చులు కార్మికుడి మీద వేయకూడదంటుంది. మీ వీసా ఫీజు, వైద్య పరీక్ష లాంటివి మీరు కట్టుకోవాల్సి రావచ్చు, అది వేరు. అది కూడా ప్రభుత్వ ఖాతాకో గుర్తింపు ఉన్న కేంద్రానికో కట్టి రసీదు తీసుకోండి. "స్పాన్సర్‌షిప్‌కి ఇంత" అని ఒక మనిషి సొంత ఖాతాకు పంపమన్నారంటే అక్కడితో ఆపేయండి.

అవతల కంపెనీ నిజమైనదైనా ఇది జరుగుతుంది, అది గుర్తుపెట్టుకోండి. బ్రిటన్‌లో వృద్ధుల సంరక్షణ రంగంలో ఏమైందో చూడండి. లైసెన్స్ ఉన్న కంపెనీలే స్పాన్సర్‌షిప్ ఇచ్చాయి. మనుషులు అప్పులు చేసి వెళ్లారు. వెళ్లాక పని లేదు, లేదా చెప్పినన్ని గంటలు లేవు. 2022 జులై నుంచి 2024 డిసెంబరు దాకా ఆ రంగంలో 470కి పైగా లైసెన్సులను ప్రభుత్వం రద్దు చేసింది. ఆ కంపెనీలతో ముడిపడిన కార్మికులు 39,000 మందికి పైనే. 2025 జులైలో ఆ ఉద్యోగాలకు బయటి దేశాల నుంచి కొత్త నియామకాలే ఆపేశారు. తప్పు చేసింది కంపెనీలు. గడువులోపు వేరే స్పాన్సర్ కోసం తలుపులు తట్టాల్సి వచ్చింది మాత్రం కార్మికులకు. అందుకే లైసెన్స్ ఉన్న కంపెనీల జాబితాలో పేరు ఉందా లేదా అని చూడడం అవసరమే గానీ, అంతటితో సరిపోదు. ఆ కంపెనీలో ఇప్పుడు పనిచేస్తున్న ఒకరితో మాట్లాడండి. నెలకు ఎన్ని గంటలు పని దొరుకుతోందో అడగండి.

ఒక అమ్మాయి చీటీ పంపింది: "పర్మిట్ చేతికొచ్చాక ముందు ఏం చూడాలి?" మంచి ప్రశ్న అమ్మా. కెనడానే తీసుకుందాం. మీకు ముందు వచ్చేది పర్మిట్ కాదు, పరిచయ లేఖ. అసలు పర్మిట్‌ను విమానాశ్రయంలో అధికారి మీ ముందే ప్రింట్ తీసి ఇస్తారు. గంటల ప్రయాణం చేసి, నిద్ర లేక, వెనక క్యూ ఉంటే, కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని బయటపడాలనిపిస్తుంది. వద్దు. ఆ కౌంటర్ పక్కనే నిలబడి చదవండి. పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ నంబరు సరిగ్గా ఉన్నాయా? యజమాని పేరు దగ్గర మీ కంపెనీ పేరు ఉందా? పని చేసే ఊరు, ఉద్యోగం పేరు మీ ఆఫర్ లెటర్‌లో ఉన్నట్టే ఉన్నాయా? గడువు తేదీ ఎంత? మీ పాస్‌పోర్ట్ గడువు దాటి పర్మిట్ ఇవ్వరు. రెండేళ్లు వస్తుందనుకున్నది పాస్‌పోర్ట్ వల్ల ఎనిమిది నెలలకే ఆగిపోవచ్చు. అందుకే పాస్‌పోర్ట్‌ను ముందే రెన్యూవల్ చేయించుకోమంటాను. కింద షరతులు ఉంటాయి. ఈ పత్రం తిరిగి దేశంలోకి రావడానికి అనుమతి కాదని కూడా అందులో రాసి ఉంటుంది. అంటే పర్మిట్ ఇంకా ఉన్నా, వీసా గడువు అయిపోతే, ఇంటికి వచ్చినవాళ్లు తిరిగి వెళ్లడానికి మళ్లీ వీసా తెచ్చుకోవాలి. తప్పు కనిపిస్తే అక్కడే, ఆ అధికారికే మర్యాదగా చెప్పండి. కౌంటర్ దగ్గర నిమిషాల్లో సరిచేసే తప్పుకు, తర్వాత అయితే దరఖాస్తు పెట్టి వారాలు ఎదురుచూడాలి. బ్రిటన్‌లో ఇప్పుడు కార్డులు పోయి ఈ-వీసా వచ్చింది, అక్కడ ఆన్‌లైన్ ఖాతా తెరిచి ఇలాగే చదువుకోవాలి.

కంపెనీ పేరు ఉన్న పర్మిట్ అయితే ఆ కంపెనీకే పని చేయాలి. సాయంత్రం ఇంకోచోట రెండు గంటలు చేసినా షరతు తప్పినట్టే, అనుమతి ఉంటే తప్ప. మరి ఉద్యోగం పోతే? అమెరికాలో హెచ్-1బి వాళ్లకు 60 రోజుల వరకు వెసులుబాటు ఉంది. ఆలోపు కొత్త కంపెనీ పిటిషన్ వేస్తే, అది దాఖలవగానే పనిలో చేరొచ్చు. బ్రిటన్‌లో వీసాలు చూసే హోం ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చాక మామూలుగా 60 రోజులు ఇస్తారు, కానీ కొత్త అనుమతి మంజూరయ్యేదాకా కొత్త పనిలో చేరకూడదు. బాగా నైపుణ్యం ఉన్నవాళ్లకు యూరోపియన్ యూనియన్ ఇచ్చే బ్లూ కార్డు కొత్త నిబంధనల ప్రకారం, ఆ కార్డు వచ్చి రెండేళ్లు నిండనివాళ్లకు మూడు నెలలు, నిండినవాళ్లకు ఆరు నెలలు. జపాన్‌లో ఉద్యోగం మారినా పోయినా 14 రోజుల్లో ఇమిగ్రేషన్‌కు తెలియజేయాలి. మీరు వెళ్లే దేశంలో ఈ గడువు ఎంతో తెలుసుకుని, ఆ గడువుకు సరిపడా డబ్బు విడిగా పెట్టుకోండి.

యజమాని వేధిస్తుంటే భరించాల్సిన పని లేదు. వేధింపులకు గురవుతున్నవాళ్లు కంపెనీకి ముడిపడని ఓపెన్ పర్మిట్ అడిగే వీలు కెనడాలో 2019 జూన్ నుంచి ఉంది. ఖతర్ 2020లో, పాత యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారొచ్చని చట్టం మార్చింది. ఇక పాస్‌పోర్ట్. వలస కార్మికుల హక్కుల మీద 1990లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒప్పందం, మనిషి గుర్తింపు పత్రాలను అధికారులు తప్ప ఇంకెవరూ లాక్కోకూడదంటుంది. వలసదారులు ఎక్కువగా వెళ్లే సంపన్న దేశాలు చాలావరకు దానిమీద సంతకం పెట్టలేదు, అది బాధాకరమే. అయినా పాస్‌పోర్ట్ దాచుకోవడాన్ని ఖతర్, యూఏఈ లాంటి దేశాల సొంత చట్టాలే నిషేధించాయి. "భద్రంగా ఉంచుతాం" అని అడిగితే ఫొటోకాపీ ఇవ్వండి. పాస్‌పోర్ట్, పర్మిట్, ఒప్పందం, జీతం స్లిప్పులు, అన్నింటి ఫొటోలు ఇంట్లో ఒకరి దగ్గర ఉండాలి, కంపెనీ ఈమెయిల్‌లో కాదు. ఉద్యోగం తీసేసిన రోజునే ఆ ఈమెయిల్ మూసేస్తారు.

చివరగా ఇందాకటి నుంచి చెయ్యెత్తుతున్న ఆ తమ్ముడి ప్రశ్న తీసుకుంటాను. "మా ఆవిడ కూడా నాతో వస్తే ఉద్యోగం చేసుకోవచ్చా అండీ?" దేశాన్ని బట్టి ఉంటుంది నాయనా. జర్మనీలో నైపుణ్య కార్మికుడి భార్య లేదా భర్త ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. బ్రిటన్‌లో డిపెండెంట్ వీసా దొరికితే పని చేసుకోవచ్చు, కానీ అన్ని ఉద్యోగాలకూ డిపెండెంట్లను రానివ్వడం లేదు. కెనడాలో 2025 జనవరి నుంచి భార్యకు లేదా భర్తకు ఇచ్చే ఓపెన్ పర్మిట్‌ను, మొదట వెళ్లినవారు కొన్ని స్థాయిల ఉద్యోగాల్లో ఉంటేనే ఇచ్చేలా పరిమితం చేశారు. అమెరికాలో హెచ్-1బి వాళ్ల భార్య లేదా భర్తకు వచ్చే హెచ్-4 వీసా మీద నేరుగా పని హక్కు లేదు, గ్రీన్ కార్డు ప్రక్రియ ఒక దశ దాటినవాళ్ల భాగస్వాములకే విడిగా అనుమతి ఇస్తారు. ఇద్దరి జీతాలు లెక్క వేసుకుని ఇల్లు అద్దెకు తీసుకున్నాక ఈ సంగతి తెలిసినవాళ్లను చూశాను. ఒప్పందం మీద సంతకం పెట్టకముందే, నా భార్యకు పని హక్కు ఉంటుందా, ఉంటే ఏ రోజు నుంచి అని కంపెనీ హెచ్‌ఆర్‌కు ఈమెయిల్ పెట్టు. జవాబు ఫోన్లో చెప్తామంటే, ఈమెయిల్‌లోనే ఇవ్వమని అడుగు. తర్వాత ఆ దేశ ఇమిగ్రేషన్ శాఖ సైట్‌లో నువ్వే ఒకసారి సరిచూసుకో.